జానపద బ్రహ్మ విఠలాచార్య

హాస్టల్లో ఎవరైనా నమ్మలేని సంగతి చెబితే విఠలాచార్య సినిమాలా ఉందే అని నవ్వుకుంటాం. ఆయన పేరు మన నోట్లో సామెతలా నిలిచిపోయింది. ఆ పేరు వెనుక ఉన్న జీవితం మాత్రం మనలో చాలామందికి తెలియదు.

బి. విఠలాచార్య 1920 జనవరిలో కర్ణాటకలోని ఉడుపి దగ్గర ఉద్యావరలో జన్మించారు. చదివింది మూడో తరగతి వరకే. తొమ్మిదేళ్ల వయసులో ఇల్లు విడిచి అరసికెరె చేరి దొరికిన పనల్లా చేశారు. తర్వాత హోటల్ నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. ఆ తర్వాత మిత్రుడు డి. శంకర్ సింగ్‌తో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీస్ నడిపారు. నేల టిక్కెట్టు జనం ఎక్కడ ఈల వేస్తారో, ఎక్కడ జడుసుకుంటారో దగ్గరుండి చూసే అవకాశం అక్కడే దొరికింది. మా దృష్టిలో ఆయన చదివిన విశ్వవిద్యాలయం ఆ డేరాయే.

మైసూరులో ఇద్దరూ మహాత్మా పిక్చర్స్ పేరుతో కన్నడ సినిమాలు తీశారు. తర్వాత విఠలాచార్య మద్రాసు చేరి తెలుగువారి మనిషి అయ్యారు. 1959లో కాంతారావుతో జయవిజయ, 1963లో ఎన్టీఆర్‌తో బందిపోటు, 1970లో లక్ష్మీకటాక్షం తీశారు. 1978లో వచ్చిన జగన్మోహినిలో దయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేస్తుంటే జనం భయపడుతూనే పగలబడి నవ్వారు.

కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజులవి. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, చిలుకను పెట్టి మళ్లీ తిప్పితే మనిషి చిలుక అయినట్టే. కంటికి కనిపించని దారంతో కట్టి లాగితే కత్తి గాలిలో ఎగిరినట్టే. తక్కువ ఖర్చుతో, చెప్పిన సమయానికి సినిమా పూర్తి చేయడం ఆయన పద్ధతి. పేచీ పెట్టిన నటుడి పాత్రను శాపం పేరుతో జంతువుగా మార్చేసి మిగతా కథ నడిపించేవారని సినిమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. మన ఓరుగల్లు ప్రాంతంతో సహా తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారనే అనుమానంతో మనుషుల్ని కొట్టారు, చంపారు కూడా. ఆ దెబ్బలు తిన్నవాళ్లు నోరులేని పేదలు, దిక్కులేని ఒంటరి ఆడవాళ్లు. విఠలాచార్య సినిమాలో మాంత్రికుడు షూటింగ్ అయ్యాక రంగు కడుక్కుని ఇంటికి వెళ్లేవాడు. మన ఊళ్లలో మాంత్రికుడని ముద్రపడిన మనిషికి ఆ ముద్ర కడుక్కునే వీలు లేదు.

విఠలాచార్య 1999 మే 28న మద్రాసులో కన్నుమూశారు. దయ్యాన్ని దారంతో, కెమెరాతో ఎలా తయారు చేస్తారో సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెబుదాం. అమ్మానాన్నలకూ చెబుదాం. చదువుకున్నందుకు మన ఊరికి మనం చేయగలిగిన మేలు అదే.