క్రిస్టోఫర్ కొలంబస్

క్రిస్టోఫర్ కొలంబస్ (1451 - మే 20, 1506) ఇటలీలోని జెనోవా నగరంలో జన్మించిన సుప్రసిద్ధ నావికుడు. స్పెయిన్ రాజదంపతుల తరఫున నాలుగు పర్యాయాలు అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి యాత్రలు చేశాడు. ఇతని పేరిట అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాటించే సెలవుదినం కొనసాగాలా, వద్దా అన్న విషయం చాలాకాలంగా వివాదాస్పదంగా ఉన్నది.

యాత్రలు, పాలన

కొలంబస్ తండ్రి ఉన్ని నేతగాడు. పడమరగా పయనించి ఆసియాను చేరవచ్చునని కొలంబస్ విశ్వసించాడు. భూమి చుట్టుకొలతను ఉన్నదానికంటె చాలా తక్కువగా లెక్కవేయడమే ఆ ధైర్యానికి కారణం. 1492 ఆగష్టు 3న మూడు ఓడలతో పాలోస్ రేవునుండి బయలుదేరి, అక్టోబరు 12న నేటి బహామా దీవులలో ఒకదానిని చేరాడు. తాను చేరినది ఇండీస్ అనుకొని అక్కడివారిని ఇండియన్లు అన్నాడు. ఆ పొరపాటు పేరు నేటికీ పూర్తిగా పోలేదు. వేల సంవత్సరాలుగా జనులు నివసిస్తున్న భూభాగాన్ని ఇతడు కనుగొన్నాడనడం కంటె, దానికి ఐరోపాతో శాశ్వత సంబంధం ఏర్పరచాడనడం సమంజసం.

హిస్పానియోలా దీవిలో (నేటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్) ఇతడు సాగించిన పాలనయే వివాదానికి మూలం. బంగారం దొరికే ప్రాంతాలలోని టైనో జాతివారు పద్నాలుగేండ్లు నిండినది మొదలు మూడు నెలలకొకమారు బంగారు రజను కప్పంగా చెల్లించాలని శాసించాడు. 1495లో సుమారు 550 మందిని బానిసలుగా ఓడలకెక్కించి స్పెయిన్‌కు పంపగా, దాదాపు 200 మంది దారిలోనే మరణించారు. ఆనాటి మనిషిని నేటి కొలతలతో తూచరాదని కొందరి వాదన. కాని ఆ కొలతలు నాడు లేకపోలేదు. 1500లో ఇసబెల్లా రాణి అలా అమ్ముడుపోయిన టైనోలను విడిపించి వెనుకకు పంపవలసినదిగా ఆజ్ఞాపించింది. అదే సంవత్సరం రాజప్రతినిధి బొబాడిల్లా కొలంబస్‌ను బంధించి సంకెళ్ళతో స్పెయిన్‌కు పంపాడు. రాజదంపతులు అతనిని విడుదల చేశారు గాని, పాలనాధికారం తిరిగి ఇవ్వలేదు.

కొలంబస్ దినం

1891లో న్యూ ఆర్లియన్స్ నగరంలో ఒక మూక 11 మంది ఇటలీ సంతతివారిని హతమార్చింది. మరుసటి సంవత్సరం, తొలియాత్ర నాలుగువందల వార్షికోత్సవం సందర్భంగా, అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ దేశమంతటా ఉత్సవం జరపవలసినదిగా ప్రకటించాడు. అవమానాలు ఎదుర్కొంటున్న వలసప్రజలకు కొలంబస్ పేరు ఒక గౌరవచిహ్నమైనది. సెలవు కొనసాగాలని కోరేవారిలో పలువురు కాపాడదలచినది ఆ జ్ఞాపకాన్నే. అయితే ఆదిమ జాతులవారికి అదే రోజు తమ వినాశనానికి నాంది. 1971 నుండి అక్టోబరు రెండవ సోమవారం సమాఖ్య ప్రభుత్వ సెలవుగా అమలులోకి వచ్చినది. 1992లో బర్కిలీ నగరం దానిని ఆదిమవాసుల దినంగా మార్చుకొన్నది. తరువాత పలు నగరాలు, రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 2021లో అధ్యక్షుడు జో బైడెన్ రెండు పేర్లతోనూ వేర్వేరు ప్రకటనలు వెలువరించాడు. సమాఖ్య చట్టంలో మాత్రం కొలంబస్ పేరే ఉన్నది.