ఎండను దాచిన విదుషి: మరియా టెల్కెస్

సూర్యుని వేడిమిని పట్టుట కష్టము కాదు. నడివేసవిలో పెరటియందుంచిన ఇత్తడి బిందెలోని నీరు తనంత తానే కాగును. అయితే ఆ వేడిమిని అర్ధరాత్రి వరకు, ముసురు దినముల వరకు దాచుట యెట్లు? ఈ ఒక్క ప్రశ్నకై జీవితమును ధారవోసిన శాస్త్రజ్ఞురాలు మరియా టెల్కెస్.

ఆమె 1900 డిసెంబరు 12వ తేదీన హంగెరీ రాజధానియగు బుడాపెస్టులో జన్మించెను. విద్యార్థినిగా నున్నప్పుడే భావికాలపు శక్తిమూలములను గూర్చిన గ్రంథమొకటి చదివి, సౌరశక్తిపై ఆసక్తి పెంచుకొనెను. 1924లో భౌతిక రసాయనశాస్త్రమున డాక్టరేటు పొంది, మరుసటి సంవత్సరము అమెరికాకు వెళ్లెను. అచ్చట తొలుత లభించిన ఉద్యోగమునకు సూర్యునితో సంబంధము లేదు. క్లీవ్‌లండ్ నగరమున ఒక వైద్యసంస్థలో జీవభౌతిక శాస్త్రజ్ఞురాలిగా చిరకాలము పనిచేసెను. 1937లో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో చేరి, ఉష్ణమును విద్యుత్తుగా మార్చు మార్గములను పరిశోధించెను. 1939లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారి సౌరశక్తి పరిశోధనలో ప్రవేశించెను. కోరుకొన్న బాటలో అడుగిడునప్పటికి ఆమెకు నలుబది యేండ్లు సమీపించెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున, ఓడ మునిగి తెప్పలపై చిక్కుకొన్న నావికుల కొరకు, ఎండతో సముద్రజలమును మంచినీరుగా మార్చు తేలికయైన పరికరమును ఆమె రూపొందించెను. పిదప ఆమె దృష్టి ఇంటివైపు మరలెను.

1948లో బోస్టన్ నగర సమీపమున డోవర్ అను గ్రామములో ఒక ఇల్లు వెలసెను. ధనమిచ్చినది శిల్పియగు అమీలియా పీబడీ; నిర్మాణశిల్పి ఎలినార్ రేమండ్; ఉష్ణవిధానము టెల్కెస్‌ది. ముగ్గురును స్త్రీలే. మంచు కురియు ఆ సీమలో, బొగ్గుగాని నూనెగాని మండించు కొలిమి లేకుండ ఇంటిని వెచ్చగా నుంచుట వారి సంకల్పము.

పేరిన నెయ్యి కరగునప్పుడు వేడిని గ్రహించును. తిరిగి పేరునప్పుడు ఆ వేడిని విడుచును. గ్లాబర్ లవణమను ఉప్పునకును ఇట్టి గుణమే కలదు. అది సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. దక్షిణముఖముగా నమర్చిన గాజుపలకల వెనుక వేడెక్కిన గాలిని పంకాలు ఉప్పు నింపిన డబ్బాలయొద్దకు చేర్చును. పగలు కరగిన ఉప్పు రాత్రి గడ్డకట్టుచు గదులకు వెచ్చదనమునిచ్చును. ఇందుకై 20 టన్నులకు పైగా ఉప్పు వాడిరి.

రెండు శీతకాలములు ఆ ఇల్లు వెచ్చగానే యుండెను. మూడవ యేట చిక్కు వచ్చెను. మాటిమాటికి కరగి గడ్డకట్టుటచే ఉప్పు పొరలుగా విడిపోయి, వేడిని దాచు శక్తిని కోల్పోయెను. డబ్బాలు తుప్పుపట్టి కారసాగెను. తుదకు ఆ యింట మామూలు కొలిమిని అమర్చవలసివచ్చెను. 1953లో ఆమె ఆ విద్యాసంస్థను వీడెను.

ఆమె ప్రశ్నను మాత్రము వీడలేదు. న్యూయార్కు విశ్వవిద్యాలయమున చేరి, ఫోర్డ్ సంస్థవారి 45,000 డాలర్ల సహాయముతో, కట్టెలు కరవైన పల్లెలవారికి ఉపకరించునట్టి సౌర పొయ్యిని నిర్మించెను. 1970 దశకమున డెలవేర్ విశ్వవిద్యాలయమునకు చేరెను. ఎండనుండి విద్యుత్తును, ఉష్ణమును రెంటిని పొందుటకై 1973లో అచ్చట నిర్మించిన ‘సోలార్ వన్’ గృహమున, వేడిని ఉప్పులలో దాచు పని ఆమెదే. డోవర్‌లో ఓడించిన లోపమునకు విరుగుడును ఆ దశకముననే కనుగొనెను. ఉప్పు పొరలుగా విడిపోకుండ, దానిని చిక్కబరచు పదార్థమును చేర్చు పద్ధతికి పేటెంటు పొందెను. అప్పటికి ఆమె వయస్సు 70 దాటినది.

1995 డిసెంబరు 2న, 95వ జన్మదినమునకు పదిరోజుల ముందు, తాను పుట్టిన బుడాపెస్టులోనే ఆమె కన్నుమూసెను. నేడు మన యిండ్ల కప్పులపై సౌరఫలకములు అమర్చుకొనుచున్నాము. పగటి శక్తిని రాత్రికి దాచుట యెట్లను ఆమె ప్రశ్న, బ్యాటరీ రూపమున, ఇప్పటికిని మన ముందే యున్నది.