గేర్ల సైకిలు కోసం జీవితాన్ని ధారపోసిన వెలోసియో

ఎత్తు రోడ్డు వస్తే సైకిలు దిగి తోసుకుంటూ నడవడం మనందరికీ అలవాటే. ఆ అవస్థ తప్పించడానికి జీవితంలో సగభాగం వెచ్చించిన మహనీయుడు ఫ్రాన్సు దేశస్థుడు పాల్ ద వివీ. వెలోసియో అన్నది ఆయన కలం పేరు. లోకం ఆ పేరుతోనే గుర్తుంచుకుంది.

ఆయన 1853లో దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అనే చిన్న ఊరిలో జన్మించారు. పట్టు వ్యాపారం చేసేవారు. 1881లో మొదటి సైకిలు కొన్నారు. అది ముందు చక్రం చాలా పెద్దగా, వెనుక చక్రం చిన్నగా ఉండే ఆనాటి సైకిలు. 1887లో వ్యాపారం వదిలేసి సెంట్ ఎటియెన్ పట్టణంలో సైకిళ్ల దుకాణం తెరిచారు. అదే ఏడాది పత్రిక కూడా ప్రారంభించారు. తర్వాత అది 'లె సిక్లిస్ట్' పేరుతో ప్రసిద్ధి చెందింది.

ఆ పట్టణం పక్కనే రిపబ్లిక్ కనుమ ఉంది. ఎత్తు 1161 మీటర్లు. ఒకనాడు వెలోసియో రొప్పుతూ ఆ కనుమ ఎక్కుతుంటే, ఆయన పత్రిక పాఠకుడే ఒకడు పైపు కాలుస్తూ తాపీగా దాటి వెళ్లాడని సైకిలు ప్రియులు చెప్పుకుంటారు. ఆ యువకుడి సైకిలుకు తక్కువ గేరు ఉందట. అక్కడి నుంచే ఆయన ఆలోచన మారిందంటారు.

ఇందులోని లెక్క చాలా సులభం. ముందు చక్రానికి 44 పళ్లు, వెనుక దానికి 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒకసారి తిప్పితే మన పెద్ద సైకిలు సుమారు 5.4 మీటర్లు పోతుంది. సమతల నేల మీద హాయి, ఎత్తులో నరకం. రెండింటికీ 28 పళ్లే ఉంటే 2.2 మీటర్లే పోతుంది గానీ, కాలికి పట్టే బలం సగం కన్నా తక్కువ. నిమిషానికి 60 సార్లు తిప్పినా గంటకు 8 కిలోమీటర్లు వస్తాయి. నడక కన్నా నయమే కదా!

వెలోసియో మొదట ముందువైపు రెండు పళ్ల చక్రాలు బిగించి, దిగి చేత్తో చైన్ మార్చేవారు. తర్వాత ఎన్నో రకాలు ప్రయత్నించారు. ఏ గేరు పెట్టాలో, ఏ టైరు వేయాలో దుకాణంలో కూర్చుని తేల్చలేదు. రాత్రింబవళ్లు వందల కిలోమీటర్లు స్వయంగా తొక్కి చూసి, ఫలితాలు పత్రికలో రాసేవారు. లావు టైర్లే మేలని కూడా వాదించారు. శాకాహారి. ఎస్పెరాంటో భాషాభిమాని.

అయితే ఆయనను వ్యతిరేకించినవారు సామాన్యులు కారు. టూర్ ద ఫ్రాన్స్ పోటీని 1903లో ప్రారంభించిన హెన్రీ డెగ్రాంజ్ దృష్టిలో గేర్లు మార్చుకోవడం ముసలివారికి తగిన పని, కండబలం ఉన్నవాడికి అవమానం. బలహీనుడికి అందిన చేయూతను మోసం అనడం, పుట్టుకతో వచ్చిన బలాన్ని ప్రతిభ అనడం మన హాస్టల్ విద్యార్థులకు కొత్త సంగతి కాదు. తక్కువ గేరు కొండను చిన్నది చేయదు, ఎక్కవలసిన ఎత్తు ఒక్క అంగుళం కూడా తగ్గదు. వెలోసియో ప్రత్యర్థులు ఈ చిన్న విషయాన్నే ఒప్పుకోలేదు.

మొదటి టూర్‌లోనే పోటీదారులు ఆ రిపబ్లిక్ కనుమ మీదుగా వెళ్లారు. తర్వాతి సంవత్సరాల్లో కూడా ఎత్తు రాగానే దిగి, వెనుక చక్రం ఊడదీసి, తిప్పి, రెండోవైపు పళ్లకు చైన్ వేసుకునేవారు. వర్షంలో, చలిలో, వేళ్లు కొంకర్లు పోతున్నా ఇదే పని.

1922 నుంచి వెలోసియో గౌరవార్థం ఆ కనుమ ఎక్కే ఉత్సవం మొదలైంది. 1930లో సెంట్ ఎటియెన్‌లో ట్రాము ఢీకొని ఆయన మరణించారు. అప్పటికి 76 ఏళ్లు. టూర్ ద ఫ్రాన్స్‌లో పోటీదారులందరికీ గేర్లు మార్చే యంత్రాన్ని అనుమతించింది 1937లో.