హకీంల కమిటీకి పెద్ద, సర్జరీ లోటును దాచని ఉస్మాన్ సాహెబ్

చెన్నై టి.నగర్‌లో పెళ్లి బట్టలు, నగలు కొన్నవాళ్లకు ఉస్మాన్ రోడ్డు బాగా తెలుసు. ఆ ఉస్మాన్ ఎవరో మాత్రం చాలామందికి తెలియదు. ఆయన సర్ మహమ్మద్ ఉస్మాన్ సాహెబ్, మద్రాసు ప్రెసిడెన్సీకి తాత్కాలిక గవర్నర్‌గా పనిచేసిన మొదటి భారతీయుడు. ఇంకో సంగతి ఏంటంటే, ఆయన యునానీ తెలిసిన హకీం. ఎవరు డాక్టరు, ఎవరు సర్జన్ అనే గొడవ నూరేళ్ల కిందట ఆయన ముందుకే వచ్చింది.

ఉస్మాన్ సాహెబ్ 1884లో తంజావూరుకు చెందిన పేరున్న కుటుంబంలో పుట్టారు. మద్రాసులో చదువుకున్నారు. జస్టిస్ పార్టీలో చేరి 1920లో శాసనమండలికి ఎన్నికయ్యారు. అప్పట్లో లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లా కింద ఉండేవి. మద్రాసులో చేసిన చట్టమే ఇక్కడి హకీంలకు, ఆయుర్వేద వైద్యులకు వర్తించేది.

ఆ చట్టాలు హకీంలకు పెద్ద దెబ్బే. 1914లో మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఇంగ్లీషు వైద్యం చదివినవాళ్ల పేర్లే రిజిస్టర్‌లో ఎక్కాయి. హకీం వైద్యం చేయకూడదని చట్టం అనలేదు. కానీ చట్టం అడిగే చోట అతని సర్టిఫికెట్ చెల్లదు. 1916లో దేశమంతటికీ మెడికల్ డిగ్రీల చట్టం తెచ్చారు. పాశ్చాత్య వైద్యం, సర్జరీ చదివినట్టు అనిపించే బిరుదును అర్హత లేనివాళ్లు పేరు పక్కన పెట్టుకుంటే జరిమానా. ఇక సర్కారు ఆస్పత్రుల్లో సివిల్ సర్జన్, అసిస్టెంట్ సర్జన్, సబ్ అసిస్టెంట్ సర్జన్ అనేవి ఉద్యోగ హోదాలు. పుండు కోసి చీము తీసే మన జర్రాహ్‌కు చేతిలో ఎంత పని ఉన్నా సర్జన్ అనే పేరు దక్కే దారి లేదు.

డాక్టర్లకూ ఇబ్బంది వచ్చింది. ఆయుర్వేద సంస్థలతో కలిసి పనిచేసినందుకు రిజిస్టర్డ్ డాక్టర్ల మీద మద్రాసు, బొంబాయి కౌన్సిళ్లు చర్యలకు దిగాయి. బొంబాయి చట్టం ప్రయత్నాలు మొదలైనప్పుడే, 1910లో, ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ హకీంలను, వైద్యులను ఒకే వేదిక మీదికి తెచ్చారు. మద్రాసు ప్రభుత్వం 1918లో దేశీ మందుల పరిశీలనను డాక్టర్ కోమన్‌కు అప్పగించింది. ఆయన నివేదిక తమను చిన్నచూపు చూసిందని వైద్యులు మండిపడ్డారు.

ఆ సమయంలో, 1921 అక్టోబరులో, ప్రభుత్వం దేశీయ వైద్యం మీద కొత్త కమిటీ వేసి ఉస్మాన్ సాహెబ్‌ను అధ్యక్షుడిని చేసింది. ఇంగ్లీషు వైద్యం చదివిన కెప్టెన్ జి.శ్రీనివాసమూర్తి కార్యదర్శి. కమిటీ ప్రశ్నలు పంపితే ఉర్దూ, తెలుగు, తమిళం, సంస్కృతం లాంటి భాషల్లో జవాబులు వచ్చాయి. అంతవరకూ ఎవరూ పట్టించుకోని హకీంలు, వైద్యులు తమ మాట తమ భాషలోనే చెప్పుకోగలిగారు.

1923లో నివేదిక బయటికి వచ్చింది. దేశీ వైద్యాలకు శాస్త్రీయమైన పునాది ఉందని, మందుల వైద్యంలో అవి చాలావరకు తమ కాళ్ల మీద నిలబడగలవని కమిటీ తేల్చింది. అక్కడితో ఆగి ఉంటే చప్పట్లే చప్పట్లు. కానీ సర్జరీ దగ్గర మాత్రం మన వైద్యాలు ఇప్పుడున్న స్థితిలో చాలవని కూడా ఒప్పుకుంది.

ఇది చెప్పడం తేలిక కాదు. వైద్యులకు సుశ్రుతుడు ఉన్నాడు. మనకు ముప్పై భాగాల అల్ తస్రీఫ్ రాసి, అందులో సర్జరీ పనిముట్ల బొమ్మలు కూడా ఇచ్చిన అల్ జహ్రావీ ఉన్నారు. ఆ గొప్పతనం నిజమే. అయితే తాతల పేరు చెబితే రోగి గాయం మానదు కదా. చేతికి పని నేర్పే చదువు మధ్యలో తెగిపోయింది. కాబట్టి ఆ చదువును ఎక్కడ ఉంటే అక్కణ్ణుంచి తెచ్చుకోవాలన్నది కమిటీ దారి. దేశీ వైద్యులకు రిజిస్టర్ కావాలని, బడులు కావాలని కూడా సిఫారసు చేసింది.

అప్పటి ముఖ్యమంత్రి, మన కాళహస్తి వైపు మనిషి పానగల్ రాజా. ఆయన హయాంలోనే 1924-25లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. శ్రీనివాసమూర్తే మొదటి ప్రిన్సిపాల్. ఆయుర్వేదం, సిద్ధ, యునానీతో పాటు శరీర నిర్మాణం, సర్జరీ కూడా నేర్పారు. చదువు పూర్తిచేసినవాళ్లకు ఎల్.ఐ.ఎం. అనే పట్టా ఇచ్చారు. ఈ కలిపిన చదువు రెండు వైపులా అందరికీ నచ్చలేదు. వైద్యం కల్తీ అయిపోతోందని సంప్రదాయవాదులు అన్నారు. సగం చదువని ఇంగ్లీషు డాక్టర్లు అన్నారు.

తర్వాత ఉస్మాన్ సాహెబ్ హోం మెంబర్ అయ్యారు. 1934లో మే నుంచి ఆగస్టు దాకా గవర్నర్ కుర్చీలో ఉన్నారు. మద్రాసు యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్‌గా, వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా పనిచేశారు. 1960 ఫిబ్రవరి 1న కన్నుమూశారు. దేశీయ వైద్య పాఠశాలగా మొదలైన ఆ సంస్థ కూడా అదే ఏడాది పూర్తి ఇంగ్లీషు వైద్యానికి మారి, కీల్పాక్ మెడికల్ కాలేజీ అయింది.

ప్రశ్న మాత్రం పోలేదు. 2020 నవంబరులో కేంద్రం నిబంధనలు మార్చి, ఆయుర్వేదంలో శల్య, శాలాక్య పీజీ చేసినవాళ్లు 58 రకాల ఆపరేషన్లలో శిక్షణ పొంది చేయవచ్చని జాబితా ఇచ్చింది. డిసెంబర్ 11న ఐఎంఏ డాక్టర్లు దేశమంతా నిరసన తెలిపారు. ఒకరు మన వారసత్వం అన్నారు, ఇంకొకరు రోగి ప్రాణం అన్నారు.

ఉస్మాన్ సాహెబ్ కమిటీ ఈ రెంటినీ విడదీయలేదు. హకీంకు ఇజ్జత్ కావాలంది, కత్తి పట్టే చేతికి ఇల్మ్ కూడా కావాలంది. ఊళ్లో బోర్డు మీద డాక్టర్ అని కనిపించగానే అమ్మీనో అబ్బానో ఆపరేషన్‌కు ఒప్పించే ముందు మనం అడగాల్సింది కూడా అదే. ఏం చదివారు, ఏ కౌన్సిల్‌లో పేరు ఉంది, ఈ ఆపరేషన్‌లో శిక్షణ ఉందా? అలా అడిగితే ఏ మంచి హకీంకూ, ఏ మంచి డాక్టరుకూ అవమానం కాదు.