వర్తమాన భాషా సారథి గిడుగు రామమూర్తి పంతులుగారు

నూతనం, నవీనం, నవ్యం, ఆధునికం, వర్తమానం – కొత్తదనాన్ని తెలిపే మాటలకు తెలుగులో కొదువ లేదు. ఏ మాటను దేనికి వాడుతామన్నది మాత్రం సామాన్య విషయం కాదు. జనుల నోట నడయాడే తెలుగుకు గ్రామ్యమన్న నింద తొలగించి, వర్తమాన భాష అన్న గౌరవాన్ని సాధించిపెట్టిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వీరు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో చదువుకొని, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. ఆ ప్రాంతపు సవరల భాషను స్వయంకృషితో నేర్చి, లిపి లేని ఆ భాషలో వాచకాలు రచించి, వారి పిల్లలకు బడులు పెట్టించారు. వీరి సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది.

పిల్లవానికి అతని మాటలోనే చదువు చెప్పాలన్న సత్యం పంతులుగారికి ఈ అనుభవంవల్లనే దృఢపడింది. ఆనాడు తెలుగు బాలురు ఇంట ఒక భాష మాట్లాడుతూ, బడిలో ఎవరూ పలుకని మరొక భాషలో వ్రాయవలసివచ్చేది. ఈ దుస్థితిని తొలగించడానికి పంతులుగారు నడుము కట్టారు. గురజాడ అప్పారావుగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొరగారు, తమిళులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు వీరికి బాసటగా నిలిచారు. పరీక్షలలో వ్యాసాలను వ్యావహారికంలో వ్రాయడానికి అనుమతి లభించినా, పండితుల ప్రతిఘటన ఫలితంగా 1915 నాటికి అది రద్దయింది.

పంతులుగారు నిరుత్సాహపడలేదు. 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఆ పేరులోని మొదటి మాట గమనింపదగినది. వర్తమానమంటే ఇప్పుడు నడుస్తున్నది. ఆధునికమన్న మాట సైతం ఇప్పుడు అనే అర్థంగల అధునా శబ్దం నుండి పుట్టినదే. నూతన, నవ్య శబ్దాలు పాతదాన్ని కాదన్నట్లు ధ్వనించవచ్చు. వర్తమాన శబ్దానికి ఆ దోషం లేదు. ప్రాచీన శాసనాలలో, వచన గ్రంథాలలో వాడుక రూపాలను వెదకి చూపి, నేటి భాషకు నిన్నటి వేళ్ళున్నాయని పంతులుగారు నిరూపించారు. గ్రాంథికాన్ని సమర్థించిన పండితుల రచనలలోనే ఆ వ్యాకరణం తప్పుతున్నదని సోదాహరణంగా ఎత్తిచూపారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినందుకు నొచ్చుకొని, అర్ధశతాబ్ది నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు. నేడు వార్తాపత్రికలు, పాఠ్యపుస్తకాలు వ్యావహారికంలోనే వెలువడుతున్నాయి. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

ధర్మపురి సీమలో తెలుగు బిడ్డల ఇంటి మాటలో తమిళ, కన్నడ పదాలు కలిసివుంటాయి. ఆ మాటను మోటు అని ఎగతాళి చేస్తే బిడ్డ నోరు మెదపడు. ఆదరించి, అక్కడినుండి చదువు మొదలుపెడితే కలం పడతాడు. సరిహద్దు పల్లెలలో బడులు నడిపించిన పంతులుగారి జీవితం మన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నేర్పే పాఠం ఇదే. ఇంటి తెలుగుకు బడిలో పీట వేసిననాడే ఆ మహనీయునికి నిజమైన నివాళి.