కాటిసీను రికార్డు మీద లేని పేరు: గుర్రం జాషువా

కోనసీమలో మా పేటకీ ఊరికీ మధ్య ఒక పంటకాలువ ఉంది. పేటలో ఎవరైనా పోతే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసేవాళ్లం. ఊళ్లో ఎవరైనా పోతే మైకు సెట్టు వచ్చేది. ఘంటసాల భగవద్గీత అయ్యాక సత్యహరిశ్చంద్ర కాటిసీను పెట్టేవాళ్లు. ఆ పద్యాలు కాలువ దాటి మా ఇళ్లలోకి వచ్చేవి. రాగం ఎత్తుకున్నప్పుడల్లా మా తాత చేస్తున్న పని ఆపి చెవి అటు పెట్టేవాడు. అవి ఊరివాళ్ల పద్యాలనే అనుకుంటూ పెరిగాం. ఆ శ్మశానం సీనులో జనం కంటతడి పెట్టే పద్యాలు రాసినవాడి తల్లి మాదిగ అని, ఆయన ప్రార్థన చేసుకునే ఇంట్లో పుట్టినవాడని డిగ్రీలో చేరాక గానీ మాకు తెలియలేదు.

పరిశోధన పని మీద రెండేళ్లుగా రాజమండ్రి, కొవ్వూరు, అమలాపురం చుట్టుపక్కల పాత గ్రామఫోను రికార్డుల కోసం తిరుగుతున్నాం. మైకు సెట్ల వాళ్లు, పాతసామాను కొట్ల వాళ్లు, రిటైరైన నాటకాల హార్మోనిస్టులు, ఎవరి అటక మీద ఏముందో ఎవరికీ తెలియదు. విదేశాల్లో ఈ వెతుకులాట పెద్ద వ్యాపారం. అమెరికా నల్లజాతి గాయకులు 1960లలో చేసిన సోల్, ఫంక్ రికార్డుల కోసం ఇంగ్లండులో, జపాన్‌లో జనం లక్షలు పెడతారు. ఫ్రాంక్ విల్సన్ అనే గాయకుడు 1965లో పాడిన ఒక చిన్న రికార్డుకు రెండే ప్రతులు మిగిలాయని చాలాకాలం చెప్పుకున్నారు. అందులో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది.

ఆ కథల్లో మమ్మల్ని పట్టుకున్నది ధర కాదు, వేరే ఒక మనిషి. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని, జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్ము కొట్టేవాడు. 1969లో రికార్డు చేసిన ఒక పాటలో కొన్ని క్షణాలపాటు మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయి ఆయన డ్రమ్ము ఒక్కటే వినిపిస్తుంది. తర్వాతి తరం కుర్రాళ్లు పాత రికార్డుల్లో ఆ ముక్కను పట్టుకున్నారు. కోసి, అతికించి, వందల పాటల్లో వాడుకున్నారు. ప్రపంచమంతా ఆ దరువుకు ఆడింది. పాట రాసినవాడిగా కాగితాల మీద పేరు లేదు కాబట్టి ఆయనకు రాయల్టీ రాలేదు. 2017లో పోయాడు. డప్పు కొట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఈ కథను విడమరిచి చెప్పక్కర్లేదు.

జాషువాను మేము అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాం. పుస్తకాల్లో కవిగా ఆయన మీద రాసింది చాలానే ఉంది. గొంతుగా ఆయన జీవితాన్ని చూసింది తక్కువ.

1895 సెప్టెంబరు 28న, ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, మతప్రచారకుడు. తల్లి లింగమ్మ మాదిగ. అటు తండ్రి కులానికీ, ఇటు తల్లి కులానికీ పూర్తిగా చెందనివ్వని పుట్టుక. చిన్నతనంలో ఆకలి, బడిలో అవమానం, చెప్పిన పాఠం కంటే పెట్టిన దూరమే ఎక్కువ గుర్తుండిపోయే రోజులు. పద్యం మీద మనసు మాత్రం చిన్నప్పుడే పడింది. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి తోడు దొరికింది. తర్వాత జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. వినుకొండలో ఒక అవధాన సభకు పద్యం పట్టుకుని వెళితే, ఎవరు రానిచ్చారంటూ కులం పేరెత్తి గొడవ చేశారు. ఇంకోవైపు, పురాణ కథలతో కావ్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయనను దూరం పెట్టారు. గుడివాళ్లకు అంటరానివాడు, చర్చివాళ్లకు దారి తప్పినవాడు. పెద్దయ్యాక ఆయన ఏ దేవుడినీ పెద్దగా పట్టించుకోలేదంటే ఆశ్చర్యమేముంది?

1910లో మేరియమ్మతో పెళ్లయింది. మిషనరీ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు పొట్ట చేతపట్టుకుని రాజమండ్రి వచ్చాడు.

ఆయన జీవిత చరిత్రల్లో ఈ భాగం రెండు వాక్యాల్లో అయిపోతుంది. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశాడు, అంతే. మాకు మాత్రం ఈ రెండు వాక్యాలను దాటి వెళ్లబుద్ధి కాలేదు. తెలుగు టాకీ రావడానికి ఇంకా పదహారేళ్లుంది. 1932లో భక్త ప్రహ్లాద వచ్చేదాకా తెలుగువాళ్లు చూసినవన్నీ మాటల్లేని బొమ్మలే. బొమ్మ కదులుతుంది, పెదవులు ఆడతాయి, మాట రాదు. మధ్యమధ్యలో తెర మీద అక్షరాలు పడతాయి. హాల్లో చదవగలిగినవాళ్లు ఎందరు? అందుకని తెర పక్కన ఒక మనిషిని నిలబెట్టేవాళ్లు. కథ చెప్పడం, రాజు మాట రాజులా, దొంగ మాట దొంగలా పలకడం అతని పని. యంత్రం చప్పుడుకు పైన వినపడాలి. రీలు తెగితే జనాన్ని కూర్చోబెట్టాలి. జపాన్‌లో ఇదే పని చేసేవాళ్లను బెన్షీలని పిలిచేవారు. వాళ్లలో కొందరికి తెర మీది నటులంత పేరుండేది. మన దగ్గర ఆ పనికి పేరు కూడా సరిగ్గా మిగల్లేదు.

ఆ కుర్రాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. రైల్లో వచ్చి ఉంటే హేవలాక్ వంతెన మీద గోదావరి దాటే వచ్చి ఉంటాడు. బ్రాహ్మణ పండితులు, వకీళ్లు, నాటక సమాజాలు, వీరేశలింగం పంతులు ఉద్యమం, అన్నీ ఉన్న ఊరు ఇది. పగలు ఎవరి అరుగు మీదైనా కూర్చోవాలంటే కులం అడుగుతారు. రాత్రి దీపాలు ఆర్పేశాక చీకట్లో గొంతు ఒక్కటే ఉంటుంది. ఇది మా ఊహే గానీ, వదులుకోలేని ఊహ: ముట్టుకోకూడదనుకునే ఊరు ఆ చీకట్లో కూర్చుని, ఎవరిదో తెలియని ఆ గొంతు ఏడిపిస్తే ఏడ్చి ఉంటుంది, నవ్విస్తే నవ్వి ఉంటుంది. మాట ఎక్కడ ఆపాలో, ఏ అక్షరం దగ్గర జనం ఊపిరి బిగబడతారో ఆయన ఛందస్సు పుస్తకంలోనే నేర్చుకున్నాడని మేము అనుకోవడం లేదు. ఆయన పద్యం చదివితే గొంతు ఎక్కడ లేవాలో పద్యమే చెబుతుంది. నటులు దాన్ని ఎందుకంత తేలిగ్గా తమది చేసుకున్నారో కూడా అందులోనే ఉంది.

అక్కడి నుంచి గుంటూరు. లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణ బడిలో పదేళ్లు, ఆపైన 1928 నుంచి 1942 దాకా తెలుగు పండితుడి ఉద్యోగం, యుద్ధకాలంలో ప్రచారకుడి ఉద్యోగం. పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1932లో ఫిరదౌసి. బంగారు నాణేలిస్తానని ఆశపెట్టి రాయించుకుని, చివరికి మాట తప్పిన సుల్తాను కథ. కూలి ఎగ్గొట్టిన కథ అంటే ఇంకా సూటిగా ఉంటుంది. 1941లో గబ్బిలం. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపితే, జాషువా కథలోని అరుంధతీసుతుడు గబ్బిలంతో పంపుతాడు. గుళ్లోకి మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని ఆపేవాడు లేడు. తను పోలేని చోటికి తన గొంతును పంపే ఉపాయం అది. రికార్డు కూడా ఆ పనే చేస్తుంది కదా అని మాకు చాలాసార్లు అనిపించింది. తేడా ఒక్కటే, గబ్బిలానికి ఎవరి కబురు మోస్తోందో తెలుసు.

ఇక కాటిసీను. సత్యహరిశ్చంద్రీయం నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. శ్మశానం రంగంలో నటులు జాషువా శ్మశానవాటి ఖండిక పద్యాలను తెచ్చి కలిపేసుకున్నారు. జనం వన్స్‌మోర్ కొట్టారు. కొన్నాళ్లకు ఆ పద్యాలు లేకుండా ఆ రంగం ఆడలేని స్థితి వచ్చింది. డి.వి. సుబ్బారావు గారి గొంతులో అవి ఊరూరా తిరిగాయి. ఆ నటుల విద్యను తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. ఆ రాగం లేకపోతే మా తాత చెవిదాకా ఆ పద్యం వచ్చేది కాదు. కానీ ఇప్పటికీ పదిమందిని అడిగితే చాలామంది అవి బలిజేపల్లి వారి పద్యాలనే చెబుతారు. రాజమండ్రిలో మేము కలిసిన, నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన పెద్దాయన కూడా అదే చెప్పాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. హరిశ్చంద్రుడు చక్రవర్తి. అప్పు తీర్చలేక వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అవుతాడు. రాజుకు ఆ పని పట్టిందని ప్రేక్షకులు ఏడుస్తారు. చావు కబురు మోసేవాళ్లు, గొయ్యి తవ్వేవాళ్లు, కట్టెలు పేర్చేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు మా గోదావరి ఊళ్లలో తరతరాలుగా మాల మాదిగలే. వాళ్లకోసం ఏ రంగస్థలం మీదా వన్స్‌మోర్ లేదు. జాషువా ఖండికలో శ్మశానం భయపెట్టే చోటు కాదు. ఎక్కువ తక్కువలు, మడి మైలలు పనిచేయడం మానేసే ఒకే ఒక్క చోటు. దాన్ని తెచ్చి, తాత్కాలికంగా కులం పోగొట్టుకున్న రాజు నోట్లో పెట్టారు. కాపరి బతుకు నుంచి వచ్చిన మాట కిరీటం పోయిన రాజు బాధగా మారిపోయింది. మేము ఈ మాటంటే నాటకాభిమానులకు కోపం వస్తుందని తెలుసు.

78 వేగం రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూ పడుతుంది. స్టేజీ మీద ఒక్క రాగమే అంతసేపు తీసే నటులు రికార్డులో రాగం కుదించి ఒకటో రెండో పద్యాలు పట్టించాలి. ఆ రికార్డు చేసింది లక్కతో. ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు చెట్ల కొమ్మల నుంచి గీకి తెచ్చిన లక్క, కలకత్తా ఫ్యాక్టరీలో నల్లటి బిళ్ల అయ్యేది. కిందపడితే పగిలిపోయేది. లేబులు మాత్రం మామూలు కాగితం.

మాకు మూడు దొరికాయి. రెండింటి మీద నాటకం పేరు, నటుడి పేరు చదవడానికి వస్తున్నాయి. కవి పేరు లేదు. మూడోది కోనసీమలో ఒక మైకు సెట్టు యజమాని ఇచ్చాడు. 1986 వరదలో వాళ్ల ఇల్లు రెండు రోజులు నీళ్లలో ఉందట. రికార్డు బాగానే ఉంది, లేబులు పూర్తిగా కొట్టుకుపోయింది. ఏ కంపెనీదో, ఎవరు పాడారో తెలియదు. ముల్లు పెడితే బరబరల మధ్యలోంచి శ్మశానవాటి పద్యం వచ్చింది.

జాషువా 1957 నుంచి 1959 దాకా మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ ప్రయోక్తగా పనిచేశాడు. రాజమండ్రి చీకట్లో మొదలైన గొంతు పని అలా నలభై ఏళ్లకు మైకు ముందుకు చేరింది. గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. ఈ గోదావరి గడ్డ మీదే, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన చేతులతో ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. శతావధాని ఒకరు దళితుడి పాదం పట్టుకోవడం ఆనాడు చిన్న సంగతి కాదు. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే ఏడు శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్. మరుసటి ఏడు, 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశాడు.

మూడు రికార్డులనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి కాపీలు వాటిని ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చాం. మైకు సెట్టు యజమాని తన కాపీని పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నాడు. ఈ మధ్య చావులకు ఇవే అడుగుతున్నారని చెప్పాడు. పద్యాలు ఎవరివో చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత రికార్డు తిరిగి పెట్టే అట్ట కవరు తీసి, సొరుగులోంచి స్కెచ్ పెన్ను వెతికి, ఇంటిపేరు ఏమిటని అడిగాడు. గుర్రం అని చెప్పాం. రాసుకున్నాడు.