శిఖరాగ్రమున గేటే

1770 ఏప్రిల్ నెలలో జర్మన్ యువకుడొకడు న్యాయశాస్త్రమున పట్టము పుచ్చుకొనుటకై స్ట్రాస్‌బర్గు నగరమునకు వచ్చెను. ఇరువదియేండ్లవాడు. బసలో సామాను దించిన తోడనే ఆతడు విశ్వవిద్యాలయమునకు గాక ఆ యూరి పెద్ద చర్చికి పరుగెత్తెను. ఆ చర్చి రాతిగోపురము ఎత్తు 142 మీటర్లు. ఆ కాలమున ప్రపంచమున దానిని మించిన కట్టడము మరియొకటి లేదు. 1647 మొదలు 1874 వరకు ఆ గౌరవము దానిదే. యువకుడు నడిమి వేదిక వరకు ఎక్కి, చుట్టును పరచుకొన్న ఆల్సాసు మైదానమును కన్నులార చూచి మురిసెను. దూరమును చూచి ఎంత మురిసినను, ఎత్తునుండి క్రిందికి తొంగిచూచినప్పుడెల్ల ఆతనికి తల తిరిగెడిది. అది ఆతనిని మిక్కిలి బాధించుచుండెను.

ఆ యువకుడే యోహాన్ వోల్ఫ్‌గాంగ్ గేటే. ఫౌస్టు నాటకకర్తగా, 1791లో జర్మన్ అనువాదమున కాళిదాసు శాకుంతలమును చదివి పరవశించి దానిపై పద్యము చెప్పిన రసికుడుగా ఆతడు మన పండితులకు పరిచితుడే. అంతటి మహాకవికి ఎత్తులన్న భయముండెనన్న సంగతి మాత్రము పలువు రెరుగరు.

గేటే 1749 ఆగష్టు 28న ఫ్రాంక్‌ఫర్టులో కలవారి యింట పుట్టెను. ఇల్లు పాతది, మూలలన్నియు చీకటి. పిల్లలు భయము మానవలెనని తలిదండ్రులు వారిని ఒంటరిగా పరుండబెట్టెడివారు. భయము మానలేదు. రాత్రివేళ పిల్లలు మెల్లగా లేచి నౌకర్ల దగ్గరకు చేరబోవగా, తండ్రి తన నిలువుటంగీని తిరగవేసి తొడిగికొని, గుర్తుపట్టరాని రూపముతో దారికి అడ్డమువచ్చి వారిని బెదరించి మరల పడకలకు తరిమెడివాడు. చీకటి భయమునకు తోడు ఈ భయము! బూచివాడు వచ్చునని చెప్పి అన్నము తినిపించు మన యిండ్లలోను ఈ వైద్యము క్రొత్తది కాదు. తల్లి తెలివి వేరు. అది పీచుపండ్ల కాలము. రాత్రి భయపడక పరున్నవారికి తెల్లవారగానే కావలసినన్ని పండ్లు పెట్టుదునని ఆమె చెప్పెను. పండ్లు గెలిచినవి. గేటే అరువది యేండ్లు దాటిన తరువాత వ్రాసిన ఆత్మకథలో ఈ రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నిలిపినాడు.

పదునారవయేట లైప్‌జిగునకు చదువునకు పోయి, 1768లో నెత్తురు కక్కుకొని చావు తప్పి ఇల్లు చేరెను. కోలుకొనుటకు ఏడాదికి పైగా పట్టినది. స్ట్రాస్‌బర్గు చేరునాటికి ఒడలు కుదుటపడినను మనస్సు గాజువలె ఉండెను. పెద్ద చప్పుడు వినలేడు. రోగమును, రక్తమును చూడలేడు. ఎత్తునుండి చూచిన తల తిరుగును. ఈ బలహీనతలను భరించుచు కూర్చుండుట ఆతనికి నచ్చలేదు. తండ్రివలె ఎవరో వచ్చి బెదరించుట కాక, తల్లివలె ఎవరో పండ్లు పెట్టుట కాక, తన భయమునకు తానే వైద్యుడు కాదలచెను.

ఒకనాడు ఒంటరిగా గోపురము చిట్టచివరకు ఎక్కెను. శిఖరమున కిరీటమువంటి రాతి అమరిక; దాని క్రింద మెడవంటి ఇరుకు చోటు. ఆ మెడలో పావుగంట సేపు కూర్చుండెను. అడుగు బయట పెట్టుటకు ధైర్యము చాలలేదు. ఆ పావుగంటలో ఆతడు దిగిపోయి యుండవచ్చును. చూచినవారు లేరు, నవ్వువారు లేరు. దిగలేదు. బయటకు వచ్చి నిలిచిన రాతిపలక నాలుగువైపులను మూరెడుండునో లేదో. పట్టుకొనుటకు సరియైన ఆధారము లేదు. ఎదుట అంతులేని భూమి. దాపున నున్న శిల్పములు చర్చినంతయు కప్పివేయుటచేత, కాలిక్రింద ఏమి యున్నదో కనబడదు. బెలూనులో గాలిలోనికి లేచిన వాని స్థితి అట్లే యుండునని ఆతడు పిమ్మట వ్రాసెను. మోంగాల్ఫియే సోదరుల బెలూను 1783లోగాని ఎగురలేదు. కావున 1770 నాటి ఆ విద్యార్థి, మనుష్యులెవ్వరును ఇంకను ఎగురని కాలముననే ఎగురువాని భయమును చవిచూచెనన్నమాట.

ఒక్కమారు ఎక్కినంతమాత్రమున పని కాలేదు. మరల ఎక్కెను, మరల నిలిచెను. ఆ దృశ్యము తనను కదలింపలేని దాక అట్లే చేసెను. తక్కిన భయములకును ఇదే మందు. సాయంకాలము సైనికులు బారులుతీరి తప్పెటలు మ్రోగించుచు పోవునప్పుడు, గుండె పగులునట్టి ఆ చప్పుడు ప్రక్కనే నడచెను. వైద్యవిద్యార్థులతో కలసి శవములను కోయు శాలకును, రోగుల మంచముల కడకును పోయెను. రాత్రులందు శ్మశానములలోను, నిర్జనమైన ప్రార్థనాలయములలోను తిరిగెను. చీకటి భయము పూర్తిగా పోయినది. దానితోడనే మరియొకటియు పోయినది: పసితనమున దయ్యములను తలచుకొన్నప్పుడు కలుగు ఆ తీయని గగుర్పాటును కొంతకాలమునకు మరల అనుభవింప గోరి, ఎంతటి భయంకర రూపములను ఊహించుకొన్నను, ఆతనికది సరిగా కలుగలేదు. కవికిది చిన్న నష్టము కాదు.

లాభములు మాత్రము పెక్కు. 1777 డిసెంబరు 10న మంచు పేరుకొన్న బ్రోకెను కొండ నెక్కెను. 1779 నవంబరులో ఆల్ప్స్ పర్వతములలోని ఫుర్కా కనుమను మంచులో దాటెను. కట్టుచున్న భవనములపై వడ్రంగులతో పోటీగా దూలములమీద నడిచెను. రోమునగరమున శిల్పములను దగ్గరగా చూచుటకును ఆ సాధనయే అక్కరకు వచ్చెను. 1787లో పొగలు క్రక్కుచున్న వెసూవియసును మూడుమార్లు ఎక్కెను. 1792 సెప్టెంబరు 20న వాల్మీ యుద్ధరంగమున ఇంకను వింత పని చేసెను. ఫిరంగి జ్వరమని సైనికులు చెప్పుకొను దానిని స్వయముగా పరీక్షింపదలచి, గుండ్లు పడుచున్న చోటికి గుఱ్ఱము తోలుకొనిపోయెను. ఒడలంతయు వేడెక్కినట్లును, లోకమునకు ఎరుపు కలసిన గోధుమరంగు పూసినట్లును తోచెనట. దానిని శ్రద్ధగా గుర్తుపెట్టుకొని తిరిగి వచ్చెను. ఇది ధైర్యమో దుస్సాహసమో నిర్ణయించుట కష్టము.

భయపడుదాని కడనే, భయము తగ్గువరకు నిలుచుట నేడు మానసిక వైద్యులు వాడు చికిత్స. 1958లో జోసెఫ్ వోల్పె అను వైద్యుడు దీనికి మెట్లు ఏర్పరచి గ్రంథము వ్రాసెను. విమానభయము గలవానికి ముందు బొమ్మ, పిమ్మట విమానాశ్రయము, పిమ్మట నేలమీద నిలిచిన విమానములో ఆసనము, కడపట చిన్న ప్రయాణము. గేటే మెట్లన్నియు వదలి తిన్నగా శిఖరమున కెక్కినాడు. మూరెడు రాతిపై ఒంటరిగా నిలుచు ఆ భాగము విద్యార్థులు అనుకరింపదగినది కాదు.

ఈ మందు పనిచేయని భయమొకటి గేటేకు మిగిలెను. 1805 మే 9న ప్రాణమిత్రుడు షిల్లరు మరణించినప్పుడు గేటే జబ్బుతో మంచముననుండెను. ఆ వార్త చెప్పుటకు ఆ రాత్రి యింటివారి కెవ్వరికిని నోరాడలేదు. 1816లో భార్య క్రిస్టియానె కన్నుమూసినప్పుడును ఆతడు గది విడువలేదు, అంత్యక్రియలకు పోలేదు. పూర్వపు చెలిమికత్తె షార్లోటె ఫాన్ స్టైను 1827లో చనిపోవుటకు ముందు, తన శవమును గేటే యింటి ముందుగా కొనిపోవలదని చెప్పి పెట్టెనట. అట్టివాడే 1826లో షిల్లరు కపాలమని దొరికిన దానిని తన యింట నెలల తరబడి ఉంచుకొని పద్యము చెప్పెను. ఆ కపాలము షిల్లరుది కాదని 2008లో పరీక్షలవలన తేలినది. గేటే అది మిత్రునిదేయని నమ్మెను. 1784లో మానవుని పైదవడ ఎముకపై పరిశోధన చేసినవానికి కపాలమన్న జంకేమి? ఆతడు చూడలేనిది ప్రియమైనవారి విగతజీవమైన ముఖము. గోపురమును రేపు మరల ఎక్కవచ్చును. ఈ సాధనకు మరునాడు లేదు.

1831 ఆగష్టు 27న, ఎనుబదిరెండవ పుట్టినరోజునకు ముందునాడు, గేటే ఇల్మెనావు దగ్గరి కికెల్‌హాను కొండకు బండిమీద పోయెను. కొండమీద అడవిలో రెండంతస్తుల వేటకుటీరము. 1780లో ఆతడు దాని గోడపై సాయంకాలపు శాంతిని గూర్చి చిన్న పద్యమొకటి వ్రాసియుండెను. పైగదికి పోవు మెట్లు నిటారుగా నుండెను. వెంట వచ్చిన గనుల అధికారి చేయి అందింపబోగా, ముసలికవి నవ్వుచు వలదని తానే ఎక్కెను. చెరగని ఆ అక్షరములను చదివికొనుచుండగా కన్నీరు జారెను. చేతిరుమాలుతో తుడుచుకొని, కిటికీ గుండ కొంతసేపు అడవిని చూచి, మెట్లు దిగి వచ్చెను. మరుసటి సంవత్సరము మార్చి 22న వైమారులో, తన యింట, కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను.